సద్ది కట్టేది

ఈ ప్రోగ్రాం నేను రాయలేదు.
ముందే చెప్పేస్తే నయం.
రాసినాయన బ్రిటనీ తీరంలో గుల్వెన్,
పడవలు బాగుచేసేవాడట.
ఏ రేవులో ఏ వేళకి పోటెక్కుతుందో
ఎప్పుడు నీళ్లు తీస్తాయో
నాలుగువేల వరుసల్లో లెక్కగట్టి
పదకొండేళ్ల కిందట
గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేను క్లాక్స్‌విక్‌లో, చేపల ఫ్యాక్టరీ తూకం గదిలో ఉంటాను.
పగలు పెట్టెలు: సాల్మన్, ఐసు, చీటీ, టేపు.
రాత్రి ఇంకో రకం పెట్టెలు.

వల లాగి వచ్చిన చేతికి
కంపైలర్ తిట్లు చదివే ఓపిక ఎక్కడిది?
పచ్చి సరుకు ఇచ్చి వండుకోమంటే ఎవరికి కుదురుతుంది?
అందుకని సద్ది కడతాను.
విప్పితే చాలు, తినేయాలి.

కట్టడమే కష్టం.
దీనికి ఇంకొకటి కావాలి,
ఆ ఇంకొకదానికి మరో రెండు,
ఆ రెంటిలో ఒకటి
పాత వెర్షను పక్కన తప్ప కూర్చోనంటుంది,
రెండోది ఆ పంక్తిలోనే కూర్చోదు.
బుజ్జగించి, అతుకులేసి, ఒకదాన్ని లేపేసి
తెల్లవారుజాము మూడింటికి నడిపించాను.
టీ పెట్టుకున్నాను కూడా.

తర్వాత ఖాళీ గదిలో పెట్టి చూశాను.
ఖాళీ గదంటే యంత్రంలోనే ఇంకో యంత్రం,
గోడకి మేకైనా లేని అద్దెగది లాంటిది.
అక్కడ కుప్పకూలింది.
నేనెప్పుడో వేసుకుని మరిచిపోయిన ఒక ఫాంటుని
ఆనుకుని నిలబడిందట అంతసేపూ.

మన ఇంట్లో ఏమేం ఉన్నాయో
మనకి తెలీదు,
ఎదుటివాళ్లింట్లో లేవని తెలిసేదాకా.

ఫాంటు పేరు జాబితాలో చేర్చాను.
అంతా అయిందనుకుని చూస్తే
లైసెన్సు లేదు.
సంచీలో ఉన్నవి సోర్సు, ఒక పడవ బొమ్మ,
పచారీ చీటీలాంటి రెండు ముక్కల వివరం.
ఇచ్చాను అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇక్కడ పెట్టినదాన్ని కూడా
పెట్టానని చెప్పందే ముట్టుకోకూడదు.

హోగ్ని నవ్వాడు, తూకం రాళ్లు సర్దుతూ:
"గట్టు మీద వదిలేసిన తాడు తీసుకుంటే దొంగతనమా?"
నేనొక్కదాన్నీ తీసుకుంటే కాదేమో.
నా చీటీ అంటించి వెయ్యిమందికి పంచితే?
అతను రాయి దించి ఆలోచించాడు.
జవాబు చెప్పలేదు.

మెయిలు తిరిగొచ్చింది.
ఆ ఊరి రేవు కచేరీకి ఉత్తరం రాశాను,
కాగితం మీద, స్టాంపు అంటించి.
ఆరు వారాలు.
ఈలోగా కొత్త విడుదలకి తలుపులు మూసేశారు,
నా మూట బయటే ఉండిపోయింది.

కార్డు వచ్చింది. వెనక అదే పడవ.
"అందరిదీ అనే అనుకున్నాను.
చెప్పాలని తెలీదు.
ఇప్పుడు చెబుతున్నాను: ఇచ్చాను.
వాయవ్యం గాలి వీస్తే నా లెక్క పావుగంట తప్పుతుంది.
మీ దగ్గరా అంతేనా?"

ముందు ఆ చివరి ప్రశ్నకే జవాబు రాశాను:
మా దగ్గర ఇరవై నిమిషాలు.
తర్వాతే కార్డు బొమ్మ తీసి
పెట్టవలసినచోట పెట్టాను.

మరో విడుదల దాకా ఆగి పంపిన మూట
ఎక్కడెక్కడ విప్పారో నాకు తెలీదు.
బాగున్న సద్ది గురించి
ఎవరూ కబురు పంపరు.

చలికాలంలో ఒకే ఒక్క కబురు.
చిలీలో, చిలోయే దీవి నుంచి,
ఆల్చిప్పలు పెంచే నెల్దా.
ఒక్క వరుస కొట్టిందట, నాలుగు సెకన్లలో దిగిందట.
"కాస్త్రో రేవుకి గంట తేడా చూపిస్తోంది.
నమ్మి వెళ్లి పడవ బురదలో దిగబడింది.
ఎవరు మీరసలు?"

నిర్వాహకురాలు అన్న గడిలో ఉన్నది నా పేరే.
నేను రాయలేదని అనొచ్చు.
అనలేదు.
చిలీలో గడియారం ఎప్పుడు జరుపుతారో వెతికి పట్టుకుని
ఒక వరుస మార్చాను,
ఖాళీ గదిలో మళ్లీ నడిపాను.

చీటీ మీద చివరి అంకె
ఒకటి కొట్టేసి రెండు వేశాను.
ఆరింటికి ఐసు లారీ వస్తుంది.